చెట్టు నీడన పూచే పూలు

గత జూన్ మాసంలో తొలకరి పడిన నాలుగైదు దినాలకు మన కళాశాల గ్రంథాలయం వెనుక, వేపచెట్ల క్రింద, ఎండుటాకుల నడుమ పసుపుపచ్చని చిన్న నక్షత్రాలు కొన్ని కనిపించాయి. ఒక్కొక్కటి రూపాయి బిళ్ళకంటె పెద్దది కాదు. పువ్వుకు ఆరేసి రేకులు. కాడ ఉన్నట్లే తోచదు. నేలలోనుండి నేరుగా పువ్వే లేచి వచ్చినట్లుంటుంది. నా వెంట ఉన్న బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు వంగి చూచి, "గడ్డికి పువ్వు పూసింది సార్" అని నవ్వాడు. ఆ మొక్క పేరు నేలతాడి. ఆ మాట ఆ అబ్బాయి అంతకు ముందు వినలేదు. అతని తప్పేమీ లేదు. పదిహేనేండ్ల క్రితం నేనూ వినలేదు.

ఆ నెల చివరి వారంలోనే మరొక మాట తెలిసింది. గ్రంథాలయం వెనుకనున్న ఆ స్థలాన్ని శుభ్రపరచి, చదును చేసి, సిమెంటు పలకలు పరచి, స్కూటర్లు నిలిపే చోటుగా మార్చవలెనని కమిటీవారు ఆలోచిస్తున్నారట. ఈ వ్యాసం ఆ ఆలోచనను గురించి. కళాశాల పెద్దల యెడ నాకుగల గౌరవానికి ఈ భిన్నాభిప్రాయం వలన ఏ లోటూ రాదని ముందుగానే మనవి చేసుకొంటున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి మొక్కల గొడవ ఎందుకని వృక్షశాస్త్ర శాఖలోని మిత్రులు అడుగవచ్చును. మొక్కల పేర్లు భాషలోనివే కదా అని నా సమాధానం. మిగిలిన సమాధానం ఈ క్రింద ఉన్నది.

నేలతాడి ఆకు తాడి మొలక ఆకువలె మడతలు మడతలుగా ఉంటుంది. నేలను అంటిపెట్టుకొన్న తాడి గనుక నేలతాడి. పేరు పెట్టినవాడు ఎవడో గాని, కూర్చుండి చూచి పెట్టాడు. పువ్వు పైకి కనిపించినా, కాయ కట్టే భాగం ఆకుల మొదళ్ళలో, మట్టిలో దాగి ఉంటుంది. ఆకు కొన వంగి తడినేలను తాకితే ఒక్కొక్కప్పుడు అక్కడనే వేరు పోసుకొని మరొక మొక్క అవుతుంది. ఎండకాలంలో ఆకులన్నీ మాడిపోయి దుంప ఒక్కటే భూమిలో మిగులుతుంది. మళ్ళీ తొలకరికి లేస్తుంది. తన వంశం నిలుపుకొనడానికి అది మననుండి కోరేదల్లా కొంచెం నీడ, చీపురు పడని నేల.

ఉర్దూ శాఖ విద్యార్థులకు ఈ మొక్క మరొక పేరుతో పరిచయం ఉండవచ్చును. యూనానీ హకీములు వాడే ముస్లీ సియాహ్ ఇదే. పాతబస్తీలో మూలికల దుకాణాల ముందు గోతాలలో నల్లని వేళ్ళవలె కనిపించే సరుకు మన నేలతాడి దుంప. బలానికని కొని తింటారు. ఆ దుంపను త్రవ్విన చోట మొక్క మిగలదు. ఈ వర్తకం ఎక్కడో దూరపు అరణ్యాలను మాత్రమే ఖాళీ చేస్తున్నదని అనుకొంటాము. నగరం చుట్టునున్న చిట్టడవులు దుకాణానికి అన్నిటికంటె దగ్గర.

నీడపూలలో ఇటువంటి రెండు భాషల చుట్టరికాలు మరికొన్ని కలవు. గోడల వారగా, పొదల అడుగున తెల్లని పూలు పూచే చిత్రమూలాన్ని చూడండి. సంస్కృతంలో అది చిత్రకం. ఆ మాట పారసీకానికి పోయి షీతరక్ అయింది. అరబ్బీలోకి దాటి షీతరజ్ అయింది. మళ్ళీ యూనానీ వైద్యంతో హిందూదేశానికి తిరిగి వచ్చి షీతరజ్ హిందీ అనే పేరుతో హకీముల పుస్తకాలలో స్థిరపడింది. ఇంటినుండి వెళ్ళిన బిడ్డ అత్తవారి వేషంతో పుట్టింటికి వచ్చినట్లు! తీగవలె ప్రాకే సుగంధిపాలను హకీములు ఉష్బా అంటారు. దాని వేరు సువాసన అందరికీ తెలుసును. లోపల ఊదారంగుతో, గోరంత కూడా లేని దాని పువ్వును చూచినవారు మనలో ఎందరు? వేసవి నడిమికి, ఒక్క ఆకైనా లేకుండా, గడ్డలోనుండి పొడుగాటి కాడ ఎత్తి సాయంకాలం తరువాత పూచే అడవిఉల్లి కూడా ఈ వరుసలోనిదే. దానికి ఆకులు వానలతోగాని రావు.

నా తరగతిలో తరచు జరిగేది ఒకటి చెబుతాను. కావ్యంలో ఒక పువ్వు పేరు వస్తుంది. విద్యార్థి నిఘంటువు తెరుస్తాడు. అందులో "ఓషధి విశేషము" అని ఉంటుంది. అర్థం వ్రాయమంటే "ఒకానొక మొక్క" అని వ్రాస్తాడు. నిఘంటుకారుడు తన విద్యార్థికి ఆ మొక్క పెరటిలోనే ఉన్నదని నమ్మి అంతటితో ఆపాడు. ఇప్పుడు ఆ పెరడు లేదు గనుక నిఘంటువు మూగదయింది. వెనుకటివారు ఈ పని ఎంత శ్రద్ధగా చేశారో చూడండి. కుంఫిణీ సర్కారు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివరి భాగంలో సామర్లకోటలో తోట వేసుకొని, మన మొక్కలను వర్ణిస్తూ వాటి తెలుగు పేర్లనుకూడా వ్రాసి పెట్టుకొన్నాడు. మన సోమిద చెట్టు పేరు ఆ విధంగా శాస్త్రనామమై ప్రపంచమంతటా సోయ్‌మిడాగా చెలామణి అవుతున్నది. ఇటు హైదరాబాదులో, ఉర్దూ మాధ్యమంగా 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించిన సయీదుద్దీన్ గారు 1930ల దశకంలో హైదరాబాదు సంస్థానంలోని పూలమొక్కలను, అవి ఎక్కడెక్కడ పెరిగేదీ, దేనికి పనికివచ్చేదీ వ్రాసి ప్రకటించారు. ఒకరు పరాయి దేశస్థుడు. మరొకరు మన ఊరివారు. ఇద్దరూ ఆకును తాకి చూచినవారే.

ఇక మన ప్రాంతం సంగతి. మేడ్చల్, శామీర్‌పేట అంటే నల్లరాతి గుండ్లు, వాటి నడుమ ఎర్రమట్టి, ఆకు రాల్చే చిట్టడవి. గుండు క్రింద నీడపట్టున తేమ నిలుస్తుంది. నెమలిపురి ఆకారంలో మయూరశిఖ రాతి సందులలో మొలుస్తుంది. (అది పూవు పూయని జాతి. అయినా విడిచిపెట్ట బుద్ధి కాలేదు.) నీడ అనగానే మనం కేరళ అడవుల చీకటిని తలచుకోరాదు. మాఘ ఫాల్గుణాలలో మన చెట్లు దిగంబరంగా ఉంటాయి. నేల మీద ఎండ ఎడాపెడా పడుతుంది. జ్యేష్ఠంలో చిగురు, ఆషాఢంలో నిండు నీడ. ఈ రెంటి నడిమి సందులో క్రింది మొక్కలు లేచి, ఆకు వేసి, పూచి, దుంపలో కూడబెట్టుకొని మళ్ళీ పండుకొంటాయి. నాలుగు నెలల సంసారం. అందుచేత వేసవిలో చూచినవానికి ఆ నేల ఉత్త మోడు. "ఇక్కడ ఏమీ లేదు" అని ఇంజనీరు కాగితం మీద వ్రాసుకొని పోయేది కూడా సరిగ్గా ఆ వేసవిలోనే.

ఈ ఇరువది ముప్పది ఏండ్లలో ఈ ప్రాంతం మీదికి వచ్చినన్ని మార్పులు మరెక్కడా రాలేదేమో. అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. రాజీవ్ రహదారి వెడల్పయింది. న్యాయ విశ్వవిద్యాలయం, ఇంజనీరింగు విద్యాలయం, జీనోమ్ వ్యాలీ వచ్చాయి. 2016లో మేడ్చల్ పేరుతో జిల్లాయే ఏర్పడింది. ఇవన్నీ రాకూడదని నేననను. మన పిల్లలకు అక్కడనే ఉద్యోగాలు దొరుకుతున్నవి. కాని శామీర్‌పేట చెరువు దారిలో ఫారంహౌసుల గోడలు వరుసగా లేచిన తరువాత వాటి లోపల ఏమి జరిగిందో గమనించారా? పొదలు కొట్టివేశారు. చెట్లు మాత్రం ఉంచారు. చెట్టంటే అందరికీ ప్రేమే. చెట్టు క్రింద ఎర్రమట్టి తెచ్చి పోసి లాను వేశారు. రోడ్డు ప్రక్క నర్సరీలలో నీడకు మొక్క కావలెనని అడిగితే క్రోటన్లు, డిఫెన్‌బేకియా, సింగోనియం చూపిస్తారు. అన్నీ ఇతర దేశాలనుండి వచ్చినవే. నేలతాడి ఉన్నదా అని ఒకచోట అడిగాను. తాటిమొక్క కావాలేమోనని, "గవి మా దగ్గర ఉండయి సారూ" అన్నాడు ఆ యువకుడు.

ప్రభుత్వం చెట్లు నాటడం లేదని ఎవరూ అనలేరు. హరితహారం కార్యక్రమం 2015 జూలైలో మొదలయింది. రాష్ట్ర భూభాగంలో 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి పెంచవలెనన్నది దాని లక్ష్యం. గుంత త్రవ్వి, మొక్క నాటి, లెక్క వ్రాసుకొన్నారు. చెట్టుకు లెక్క ఉన్నది. చెట్టు క్రింది దానికి లెక్క లేదు. పైగా నాటిన వాటిలో కోనోకార్పస్ వంటివి మన దేశానికి చెందినవే కావు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపివేసినప్పుడు మన విద్యార్థులుకూడా ఉద్వేగంతో మాట్లాడుకొన్నారు, చాలా సంతోషించాను. అయితే నేను విన్న మాటలలో నెమళ్ళు వచ్చినవి, జింకలు వచ్చినవి, వృక్షాలు వచ్చినవి. నేలను ఎవరూ ఎత్తలేదు. చెట్లను మళ్ళీ నాటవచ్చును. బుల్‌డోజరు పైమట్టిని తోసుకొని పోయిన తరువాత అందులోని దుంపలు, గింజలు, ఎన్నో యేండ్ల ఆకుకుళ్ళు మళ్ళీ నాటడానికి ఏ నర్సరీలోనూ దొరకవు.

తెలంగాణలో అడవిపూలకు గౌరవం లేదనడానికి వీలు లేదు. బతుకమ్మకు తంగేడు, గునుగు లేనిదే పండుగ లేదు. మన ఆడపడుచులు వాటి పేర్లను నిలబెట్టినంతగా ఏ పండితుడూ నిలబెట్టలేదు. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు కూడా. కాని తంగేడు ఎండను కోరేది, గునుగు చేలల్లో పెరిగేది. బయలులో గుంపుగా, ఠీవిగా పూస్తాయి. నీడపూలకు ఆ భాగ్యం లేదు. అవి తాంబాళంలో పేర్చడానికి అందవు. కోసిన గంటకే వాడిపోతాయి. ఏ పండుగా పట్టించుకొనని పూలను కాపాడేదెవరు?

ఈ ప్రశ్నకు నాకు కొంత సమాధానం శామీర్‌పేట వైపు ఒక గ్రామపు ఖబ్రస్తానులో దొరికింది. మా బంధువు ఒకరి అంత్యక్రియలకు శ్రావణ మాసంలో వెళ్ళాను. పాత చింతలు, వేపలు, ఒక పెద్ద మర్రి, క్రింద సమాధులు. సమాధుల నడుమ నేలతాడి ఉన్నది. వెన్నవెదురు నీలిపూలతో పరచుకొని ఉన్నది. (వెన్నవెదురు చమత్కారమైన మొక్క, పైన నీలిపూలు పూయడమే గాక మట్టి లోపల విచ్చుకోని పూలు పూచి అక్కడకూడా గింజ కడుతుంది. మేకలు పైన ఎంత మేసినా దాని వంశానికి భయం లేదు.) గోడ వారగా ముళ్ళగోరింట, పిల్లితీగలు, చిత్రమూలం. ఒక్కచోట పది అడుగులలో నేను అన్నేసి రకాలు ఎన్నడూ చూడలేదు. అక్కడ కాపలా చూచే పెద్దాయనను, "చాచా, ఇదంతా మీరు పెంచారా?" అని అడిగాను. ఆయన నావైపు వింతగా చూచి, "మై క్యా పాలూఁ బేటా! ఖబర్ పర్ కీ హరీ ఘాస్ నై కాట్తే, బస్" అన్నాడు. సమాధి మీది పచ్చగడ్డిని కోయరు, అంతే.

ఆయన చెప్పినది ఊరిమాట మాత్రమే కాదు. పచ్చగా ఉన్నంతవరకు సమాధులపై గడ్డినీ మొక్కలనూ పెరుకుట మక్రూహ్ అని, అనగా మంచిది కాదని, హనఫీ ధర్మశాస్త్రజ్ఞులు వ్రాశారు. పచ్చని ప్రతి ఆకూ దైవస్మరణ చేస్తుందన్న భావం దానికి మూలం. ఆ నియమం పూలను రక్షించడానికి పుట్టలేదు. పుట్టినది ఎందుకైనా, వందల యేండ్లుగా ఒక చారెడు నేల చీపురుకు, పలుగుకు అందకుండా నిలిచింది. గ్రామదేవతల గుళ్ళ వెనుకనున్న తోపులలో పుల్ల విరువరాదన్న కట్టుబాటుకూడా ఇటువంటి పనే చేసింది. ఇప్పుడు చాలా ఖబ్రస్తానులలో ఆ చాచా మాట చెల్లడం లేదు. చదునుచేసి, పలకలు వేసి, ఇనుప బెంచీలు అమర్చి, దానికి అభివృద్ధి అని పేరు పెడుతున్నాము. మన సముదాయపు పెద్దలు ఈ పత్రికను చదువుతారు గనుక ఈ మాట ఇక్కడ వ్రాశాను.

ఒకరిని అనే ముందు నా నేరాన్ని ఒప్పుకోవలెను. ఏడెనిమిదేండ్ల క్రితం శ్రావణంలోనే, మేడ్చల్ అవతల ఒక గుట్ట వాలులో అగ్నిశిఖ పూచి ఉండగా చూచాను. చూడనివారికి ఎట్లా చెప్పను? రేకులు అంచులు ముడుచుకొని పైకి మంటవలె లేస్తాయి. మొదట ఆకుపచ్చ, తరువాత పసుపు, చివరకు నిప్పు ఎరుపు. ఆకు కొనయే నులితీగ అయి ప్రక్కనున్న పొదను పట్టుకొని ప్రాకుతుంది. వేళ్ళు నీడలో, తల వెలుతురులో ఉండడం దానికి ఇష్టం. తమిళనాడు వారు దానిని రాష్ట్ర పుష్పంగా పెట్టుకొన్నారు. నాకు ఆశ పుట్టింది. పుల్లతో త్రవ్వసాగాను. గొర్రెలు కాస్తున్న ఒక ముసలామె దూరంనుండి కేక వేసింది: "సారూ, గది ముట్టకురి! నాగేటి గడ్డ, ఇసం!"

విషమన్న మాట నిజమే. ఆ మొక్క అంతటా కొల్చిసిన్ అనే విషం ఉన్నది. యూనానీలో కీళ్ళవాతానికి వాడే సూరంజాన్‌లో ఉన్నదీ అదే. కాని ఆ క్షణంలో నన్ను ఆపినది విషం కాదు, ఆమె చెప్పిన పేరు. సంస్కృతంలో దీనిని లాంగలి అంటారు. లాంగలమంటే నాగలి. ఎందుకు నాగలి అయిందో నేను ఎం.ఏ. చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడుగలేదు. మట్టి తొలగించి చూస్తే దుంప సరిగ్గా నాగలివలెనే వంగి, రెండు కొమ్ములుగా ఉన్నది. అక్షరం రాని ముసలామె నోట ఉన్న పేరు, అమరం వల్లించినవారి నోట ఉన్న పేరు ఒక్కటే వస్తువును చూచి పుట్టాయి. ఆమె మాట వినక నేను దానిని పెకలించి, ఇంటికి తెచ్చి, కుండీలో పెట్టాను. ఆ దుంపకు మొలకెత్తే కన్ను కొమ్ము చివరనే ఉంటుంది, ఎంతో పెళుసు. తీయడంలోనే ఆ చివరలు విరిగాయని తరువాత తెలిసింది. పై సంవత్సరం కుండీలో ఏమీ లేవలేదు. గుట్ట వాలుకు మళ్ళీ వెళ్ళాను. నేను త్రవ్విన గుంతలో లంటానా కంప మొలిచి ఉన్నది.

ఆ లంటానా సంగతి కూడా చెప్పవలెను. అమెరికా ఖండపు మొక్క. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో తోటల అందానికని కలకత్తాకు తెచ్చారు. ఇప్పుడు మన చిట్టడవులలో చెట్టుకూ చెట్టుకూ నడిమి నీడను అదే ఆక్రమించింది. దానికి తోడు 1950ల దశకంలో పుణే ప్రాంతంలో కనిపించి దేశమంతా ప్రాకిన వయ్యారిభామ. త్రవ్వి వదిలిన నేల ఈ రెండింటికీ పెండ్లిపందిరి. మన చిన్న పూలకు శత్రువు గొడ్డలికంటె ముందుగా పలుగు అని నా అనుభవం.

చట్టం ఏమంటుంది? ఇంగ్లండులో 1981 చట్టం ప్రకారం భూమి యజమాని అనుమతి లేనిదే ఏ అడవి మొక్కనైనా వేళ్ళతో పెకలించడం నేరం. అక్కడి అడవులలో వసంతంలో నీలిగంటలవలె పూచే బ్లూబెల్ గడ్డలను అడవినుండి తెచ్చి అమ్మడాన్ని 1998లో ప్రత్యేకంగా నిషేధించారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదట జంతువులకోసం వచ్చినది. 1991లో సవరించి ఆరు మొక్కలను రక్షణ పట్టికలో చేర్చారు. 2022లో ఆ పట్టికను మార్చారు. ఆనాటి ఆరింటిలో శామీర్‌పేట పొదల నీడలో పూచేది ఒక్కటీ లేదు. రిజర్వు అడవిలో ఏదైనా త్రవ్వడం అటవీ చట్టం ప్రకారం తప్పే. మిగిలినచోట్ల, అంటే చెరువు గట్టు మీద, ఖబ్రస్తానులో, కళాశాల వెనుక, నిర్ణయం మనదే.

వృక్షశాస్త్ర విద్యార్థులకు ఒక మాట. హెర్బేరియం కొరకు మొక్కలు సేకరించేటప్పుడు దుంపతో సహా పెకలించడం మానండి. నలుబదిమంది నలుబది నేలతాళ్ళు తెచ్చి అట్టల మీద అంటించి, మార్కులు పడిన తరువాత చెత్తబుట్టలో వేయడం నేను కన్నులారా చూచాను. ఒక మొక్కను ఫోటో తీసి, కొలిచి, ఆకు బొమ్మ గీసి వ్రాస్తే సరిపోదా?

పెంచడం ఎట్లా అని అడిగేవారికి, నేను పాట్లు పడి నేర్చుకొన్నది చెబుతాను. మొదట దుంప మీది ఆశ వదలుకోవలెను. విత్తనమే మార్గం. అగ్నిశిఖ కాయ కార్తికం తరువాత పగిలి లోపల ఎర్రని గింజలు బయటపడతాయి. నాలుగు గింజలు తీసుకొని మిగిలినవి అక్కడనే వదలండి. తొలకరిలో చెట్టు మొదలుకు కొంచెం దూరంగా, ఆకుకుళ్ళు క్రింద వేళ్ళతో నొక్కి పెట్టండి. మొలవడానికి వారాలు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. పూవు చూడడానికి మూడు నాలుగు సంవత్సరాలు ఆగవలెను, బి.ఏ.లో చేరిన యేడు నాటినవాడు ఎం.ఏ.కి పోయిన తరువాత వచ్చి చూచుకోవలసి ఉంటుంది. విషమొక్క గనుక చిన్నపిల్లలు తిరిగే ఇండ్లలో వద్దు. త్వరగా ఫలితం కోరేవారు చిత్రమూలం, ముళ్ళగోరింట కొమ్మలు కత్తిరించి వానాకాలంలో గ్రుచ్చితే చాలు. చిత్రమూలం గింజలైతే మరీ సులభం. జిగురు పూసినట్లుండి మీ పైజామాకే అంటుకొని వస్తాయి. నేలవేము గింజ చల్లితే నీడలోనే మొలిచి, వానలు వెనుకబట్టిన తరువాత తెల్లని చిన్న పూలు పూస్తుంది. నేలతాడికి మాత్రం మీరు చేయవలసిన సేవ ఏమీ లేదు. ఉన్నచోట ఉండనివ్వండి. వేసవిలో దయతలచి నీళ్ళు పోయకండి. నిద్రపోయే దుంప కుళ్ళుతుంది. సంచి ఎరువు వద్దు. రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టవద్దు. లంటానా, వయ్యారిభామ మొలకలను మాత్రం వాన పడిన మరునాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, చేత్తో లాగివేయండి.

ఇప్పుడు కమిటీవారి అభ్యంతరాలు. పాములు వస్తాయన్నారు. వస్తాయి, ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను, మన అమ్మాయిలు గ్రంథాలయానికి సాయంకాలంకూడా వెళ్ళుతారు. గ్రంథాలయం గోడనుండి మూడు గజాలు శుభ్రంగా ఉంచి, రాతి పలకల దారి వేసి, ఒక దీపం పెట్టవచ్చును. దోమలన్నారు, దోమ నిలువ నీటిలో పుడుతుంది, ఎండుటాకులో పుట్టదు. మన క్యాంటీను వెనుక డ్రమ్ములు ఎప్పుడైనా చూచారా? స్కూటర్లకు చోటు లేదన్నారు. ఇది గట్టి అభ్యంతరం. గేటు ప్రక్కన ఎండలో ఖాళీ స్థలం ఉన్నది. రేకుల కప్పు వేయవలసి వస్తుంది. పలకలు పరచడంకంటె ఖర్చు ఎక్కువే, నేను వాకబు చేశాను. ఆ అదనపు ఖర్చుకు చందా పెడితే నా వంతు ఇస్తాను. మరో ఇద్దరు లెక్చరర్లుకూడా మాట ఇచ్చారు. పేర్లు ఇక్కడ వ్రాయవద్దన్నారు. చివరి అభ్యంతరం, "అక్కడ చూడడానికి ఏమున్నది?" అన్నది. అది వేసవి సెలవులలో అడిగిన ప్రశ్న. సభ్యులలో ఎవరైనా వచ్చే తొలకరి తరువాత ఒక ఉదయం పది నిముషాలు నాతో వచ్చి చూడవలెనని కోరుతున్నాను. చెప్పులతో రావచ్చును, అడుగు ఎక్కడ వేయవలెనో నేను చూపిస్తాను.

మొన్న మేడ్చల్ అవతలి ఆ గుట్టకు మళ్ళీ వెళ్ళాను. లంటానాకు ఇంకొంచెం పైన, ఒక గుండు వారగా, అగ్నిశిఖ కాయలు ఎండి పగిలి ఉన్నవి. పదకొండు గింజలు తెచ్చుకొన్నాను. పరీక్ష పేపర్ల కవరులో పోసి, తేదీ వ్రాసి, స్టాఫురూములో నా బల్ల సొరుగులో పెట్టాను. ఎక్కడ నాటవలెనన్నది కమిటీ సమావేశం తరువాత తెలుస్తుంది.